బయానాకు ముందే బ్యాంకు: డెల్టాలో ఇంటి రుణానికి ముందస్తు అర్హత

గోదావరి డెల్టాలో ఇల్లు కొనే వరస చాలాకాలంగా ఒకటే. మధ్యవర్తి స్థలమో, కట్టిన ఇల్లో చూపిస్తాడు. ఇంటి పెద్దలు వచ్చి వీధిపోటు ఉందా, ఈశాన్యం ఎలా ఉంది అని చూసుకుంటారు. బేరం కుదిరితే మంచిరోజు చూసి లక్షో రెండు లక్షలో బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకుంటారు. బ్యాంకు గుర్తొచ్చేది ఆ తర్వాతే. అక్కడ ఐటీ రిటర్నులు అడుగుతారు, లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు) అడుగుతారు, లాయరు దగ్గర ఫైలు ఆగుతుంది. గడువు దగ్గరపడేకొద్దీ అమ్మేవాళ్ల ఫోన్లు ఎక్కువవుతాయి. బయానా పోతుందేమోనన్న టెన్షన్‌లో నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి రిజిస్ట్రేషన్ గట్టెక్కించుకునే కుటుంబాలు అమలాపురం నుంచి ఆకివీడు దాకా కనిపిస్తాయి.

నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. 5 లక్షలు అలా తెస్తే నెలకు రూ.10,000 వడ్డీకే పోతుంది, అసలు అసలుగానే ఉంటుంది. అదే 5 లక్షలు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల గృహరుణంలో ఉంటే అసలు, వడ్డీ కలిపి నెలకు దాదాపు రూ.4,340. వరస తప్పినందుకు ఒక కుటుంబం నెలనెలా కట్టే మూల్యం అది. బ్యాంకు ఎంత ఇస్తుందో ముందు తేల్చుకుని, తర్వాత స్థలం చూసుకుంటే ఈ పరిస్థితి చాలామందికి రాదు. డెల్టాలో ఈ పని హైదరాబాద్‌లో కంటే ఎక్కువ అవసరం, ఎక్కువ కష్టం కూడా. ఇక్కడి ఆదాయాల్లో చాలా భాగం కాగితం మీద కనిపించదు, ఇక్కడి స్థలాల్లో చాలావాటి కాగితాలు బ్యాంకుకు ఆనవు. ఆ రెండూ సరిచేసుకోవడానికి మూడు నెలల అగ్రిమెంటు గడువు ఏ మూలకూ చాలదు.

ముందస్తు అర్హతలో రెండు మెట్లున్నాయి. మొదటిది నోటిమాట అంచనా. ఆదాయం, వయసు, ఉన్న వాయిదాలు చెబితే బ్యాంకు అధికారి గానీ, బ్యాంకు వెబ్‌సైట్‌లోని లెక్కల పట్టీ గానీ సుమారుగా ఇంత వస్తుందని చెబుతుంది. ఇది పది నిమిషాల పని. చెప్పిన వివరాలు ఎంత నిజమో ఆ అంకె కూడా అంతే నిజం, దానికి బ్యాంకు కట్టుబడదు. రెండోది సూత్రప్రాయ మంజూరు. ఇందులో బ్యాంకు కాగితాలు తీసుకుని, సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే రికార్డు) చూసి, ఆదాయం తనకు తానుగా లెక్కగట్టి, ఆస్తి పత్రాలు సక్రమంగా ఉంటే ఇంతవరకు ఇస్తామని రాసిస్తుంది. సాధారణంగా ఇది మూడు నుంచి ఆరు నెలలు చెల్లుతుంది. బేరానికి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సింది ఈ రెండో కాగితం. ఫోన్‌కు వచ్చే ‘మీకు 30 లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్’ అన్న మెసేజీ ఈ రెండింటిలో ఏదీ కాదు, అది ప్రకటన మాత్రమే. దాన్ని నమ్మి బయానా ఇవ్వకూడదు. రాతపూర్వక మంజూరుకు కొన్ని బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు ముందే తీసుకుంటాయి. స్థలం కుదరకపోతే అది తిరిగొస్తుందా రాదా అన్నది కట్టకముందే అడగాలి.

జీతగాళ్ల లెక్క

నెలజీతం ఉన్నవాళ్ల లెక్క సూటిగా ఉంటుంది. భీమవరంలో ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరరుకు నెలకు చేతికి రూ.45,000 వస్తోందనుకుందాం. అన్ని వాయిదాలూ కలిపి ఆదాయంలో ఇంత శాతం దాటకూడదని ప్రతి బ్యాంకూ ఒక గీత గీసుకుంటుంది. ఆదాయాన్ని బట్టి అది 40 నుంచి 60 శాతం మధ్య ఉంటుంది. సగం అనుకుంటే రూ.22,500. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో లక్షకు ఈఎంఐ రూ.868. కాబట్టి ఈ లెక్చరరుకు రాగలిగేది సుమారు 25.9 లక్షలు. ఇప్పటికే నెలకు రూ.3,500 బైకు వాయిదా నడుస్తుంటే గృహరుణానికి మిగిలేది రూ.19,000, అర్హత 21.9 లక్షలకు పడిపోతుంది. బైకు మీద ఇంకా కట్టాల్సింది ముప్పై వేలే అయినా సరే, దానివల్ల తగ్గేది 4 లక్షల రుణం. చివరి కొద్ది నెలల వాయిదాలను లెక్కలోకి తీసుకోని బ్యాంకులూ ఉన్నాయి గానీ, చిన్న అప్పును ముందే తీర్చేసి నో డ్యూస్ పత్రం తెచ్చుకోవడం అన్నిటికంటే క్షేమం.

వయసు కూడా లెక్కలో పెద్ద పాత్రే పోషిస్తుంది. ఉద్యోగులకు రుణం రిటైర్మెంటు నాటికి తీరిపోవాలని బ్యాంకులు చూస్తాయి. 48 ఏళ్ల ఉపాధ్యాయుడికి 12 ఏళ్ల గడువే దొరికితే లక్షకు ఈఎంఐ రూ.1,110 దాకా వెళ్తుంది. అదే రూ.22,500 వాయిదాకు వచ్చేది 20 లక్షలు పైచిలుకు మాత్రమే. ఉద్యోగం చేస్తున్న కొడుకునో కూతురినో కో-అప్లికెంటుగా చేర్చుకుంటే ఆదాయం కలుస్తుంది, గడువూ పెరగవచ్చు. అయితే వాళ్లు రేపు సొంతంగా ఇల్లు కొనుక్కోవాలనుకున్నప్పుడు ఈ రుణం వాళ్ల పేరు మీద కూడా కనిపిస్తుందన్న సంగతి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే సంతకం పెట్టించాలి.

చేతిలో డబ్బు ఉంది, కాగితం లేదు

డెల్టాలో అసలు చిక్కు జీతగాళ్లది కాదు. ఆకివీడు దగ్గర పదెకరాల రొయ్యల చెరువు చేస్తున్నవాళ్ల చేతిలో లెక్చరరు కంటే ఎక్కువ డబ్బు తిరుగుతుంది. కానీ వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే అది కనిపించదు. మేత డీలరు అరువిస్తాడు. రొయ్యలు పట్టే రోజున సరుకు డీలరు ద్వారానే వెళ్తుంది. మేత, మందుల బాకీ మినహాయించుకుని మిగిలింది రైతుకు ఇస్తాడు, అదీ కొంత నగదుగా. 20 లక్షల సరుకు అమ్మిన రైతు ఖాతాలో 3 లక్షలు పడితే, బ్యాంకు దృష్టిలో ఆయన 3 లక్షల మనిషే. దీనికి మందు ఒకటే. అమ్మకం మొత్తం ముందు రైతు ఖాతాలోకి రావాలి, మేత బాకీ ఆ ఖాతాలోంచే డీలరుకు వెళ్లాలి. చెరువుకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ రిజిస్ట్రేషన్ ఉంటే వ్యాపారం ఉందనడానికి అదొక రుజువు. ఒక్క పంట బాగా పండిన ఏడాది చూపించి ఎక్కువ రుణం తెచ్చుకోవాలన్న ఆలోచన సాగదు, ఎందుకంటే బ్యాంకు రెండు మూడేళ్ల ఆదాయం చూస్తుంది. అది రైతుకు కూడా మంచిదే. వైట్ స్పాట్ తెగులు వచ్చిన పంటలు, 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల ధరకు తగిలిన దెబ్బ, ఇవన్నీ ఇరవై ఏళ్ల వాయిదాల కాలంలో మళ్లీ మళ్లీ రావచ్చు.

కౌలు రైతుది ఇంకా ఇరకాటం. సార్వా, దాళ్వా రెండు పంటలూ తనే పండించినా, భూమి కాగితాలు యజమాని పేరు మీద ఉంటాయి. ధాన్యం యజమాని పేరుతో కొనుగోలు కేంద్రానికి వెళ్తే డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది, కౌలుదారు చేతికి వచ్చేది నగదు. కష్టం ఒకరిది, రికార్డు మరొకరిది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందంతో సాగు హక్కుల కార్డు తీసుకునే వీలుంది. దానికి యజమాని సంతకం కావాలి, భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. యజమాని హక్కుకు ఆ కార్డు అడ్డురాదని ఊళ్లో పెద్దలు, రెవెన్యూ సిబ్బంది నచ్చజెప్పగలిగితే కౌలుదారుకు పంట రుణంతో పాటు రేపటి ఇంటి రుణానికి కూడా దారి పడుతుంది.

దుకాణాలు, చిన్న వ్యాపారాల సంగతి వేరు. పాలకొల్లులో కిరాణా కొట్టు కావచ్చు, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం కావచ్చు, నరసాపురంలో లేసు పని చేయించే ఇల్లు కావచ్చు, పన్ను పడుతుందన్న భయంతో ఏళ్ల తరబడి రిటర్ను వేయని వాళ్లు ఎక్కువ. ఆ భయానికి ఇప్పుడు పెద్దగా ఆధారం లేదు. ఆదాయపు పన్ను చట్టంలో చిన్న వ్యాపారుల కోసం ఉన్న అంచనా పద్ధతిలో, నగదు అమ్మకాల మీద 8 శాతం, డిజిటల్‌గా వచ్చిన వాటి మీద 6 శాతం లాభంగా చూపితే చాలు, పూర్తి లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. నిజంగా అంతకంటే ఎక్కువ లాభం ఉంటే ఎక్కువే చూపాలి. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల కట్టాల్సిన పన్ను ఉండదు. అంటే ఏడాదికి 5 లక్షలు సంపాదించే కొట్టు యజమాని నిజం రాసి రిటర్ను వేస్తే పైసా పన్ను పడదు, పైగా బ్యాంకు అడిగే కాగితం చేతికొస్తుంది. రిటర్ను వేయకుండా దాచుకున్నదాని వల్ల ఒరిగేదేమీ లేదు. ఒక్క జాగ్రత్త ఉంది. మూడేళ్ల రిటర్నులూ ఒకే వారంలో వేయించుకుని బ్యాంకుకు పట్టుకెళ్తే పని జరగదు. ప్రతి రిటర్ను మీదా వేసిన తేదీ ఉంటుంది, బ్యాంకు అధికారి ముందు చూసేది దాన్నే. ఏటా గడువులోగా వేసిన రిటర్నుకే విలువ.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనుక చాలామంది దాన్ని రిటర్నులో చూపరు. పన్ను లేకపోయినా చూపించాలి. భూమి రికార్డులైన 1బి, అడంగల్, ధాన్యం డబ్బు పడిన ఖాతా, కొబ్బరి అమ్మిన చీటీలు దానికి తోడుగా ఉంటే సొంత భూమి ఉన్న రైతు ఆదాయాన్ని లెక్కలోకి తీసుకునే బ్యాంకులున్నాయి.

ఇక గల్ఫ్ డబ్బు. కోనసీమ, పశ్చిమ గోదావరి ఊళ్లలో కువైట్, ఖతర్, మస్కట్‌ల కష్టంతో లేచిన ఇళ్లు వీధికి నాలుగు ఉంటాయి. ఇంటిపని వీసా మీద వెళ్లిన ఆడపడుచులు పంపే డబ్బు ఎక్స్ఛేంజీ ద్వారా తల్లి ఖాతాలోనో భర్త ఖాతాలోనో పడుతుంది. బ్యాంకు దాన్ని ఇంటి ఖర్చుకు వచ్చిన డబ్బుగా చూస్తుందే గానీ పంపినవాళ్ల ఆదాయంగా రుజువు దొరకదు. విదేశానికి వెళ్లగానే తన పేరు మీద ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉన్నవాళ్లు తెరిచే బ్యాంకు ఖాతా) తెరిచి, జీతం ముందు అందులోకే పంపి, అక్కడి నుంచి ఇంటికి మళ్లించడం అలవాటు చేసుకుంటే ఏడాది తిరిగేసరికి ఆ ఖాతా స్టేట్‌మెంటే సాక్ష్యంగా నిలబడుతుంది. ఉద్యోగ ఒప్పందం, వీసా, జీతం సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఇక్కడ సంతకాలు పెట్టడానికి ఇంట్లోవాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే దాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించి పంపాలి. ఇండియాకు చేరాక మూడు నెలల్లోగా ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు దాటిన కాగితంతో రిజిస్ట్రేషన్ రోజున ఇబ్బంది పడతారు.

మాట కోసం పెట్టిన సంతకం

సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు మంచిదిగానే చూస్తాయి. సిబిల్‌తో కలిపి దేశంలో నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలున్నాయి, ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. సొంతంగా చూసుకుంటే స్కోరు తగ్గదు. తగ్గించేది ఒకేసారి నాలుగైదు బ్యాంకుల్లో దరఖాస్తులు పెట్టడం. ఏజెంటు చెప్పాడని అన్నిచోట్లా ఫైలు వేయిస్తే ఆ విచారణలన్నీ రిపోర్టులో నిలిచిపోతాయి.

డెల్టాలో రిపోర్టు తీసి చూసినవాళ్లు ఉలిక్కిపడేది తమ అప్పుల దగ్గర కాదు, ఇతరుల అప్పుల దగ్గర. బావమరిది ట్రాక్టరుకు ఎప్పుడో పెట్టిన ష్యూరిటీ సంతకం తన పేరు మీద నడుస్తుంటుంది. వాళ్లు వాయిదా ఎగ్గొడితే ఆ మచ్చ హామీదారుకూ పడుతుంది. ఈ ప్రాంతంలో ష్యూరిటీ అడిగితే కాదనడం మర్యాద కాదన్న భావన బలంగా ఉంది. ఆ బంధాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. అయితే రెండేళ్లలో ఇల్లు కొనే ఉద్దేశం ఉన్న మనిషి ఆ మాట చెప్పి తప్పుకుంటే తప్పేమీ కాదు. బంగారం మీద అప్పులు కూడా చూసుకోవాలి. ఏడాది గడువు దాటినా వడ్డీ కట్టి తిరగరాయించని గోల్డ్ లోన్ బకాయిగా ఎక్కుతుంది. మాఫీ వస్తుందని కట్టకుండా ఆపిన పంట రుణాలు, వన్‌టైం సెటిల్‌మెంట్‌లో తగ్గించి కట్టినవి కూడా అంతే. ‘సెటిల్డ్’ అని ఉంటే పూర్తిగా తీరినట్టు కాదు, బ్యాంకు కొంత వదులుకున్నట్టు. తప్పు వివరాలుంటే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

మనిషి పాసయ్యాడు, స్థలం ఫెయిలైంది

ముందస్తు అర్హత గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. డెల్టాలో ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడి నుంచే. సూత్రప్రాయ మంజూరు మనిషికి ఇచ్చింది, స్థలానికి కాదు. ఏ రకం స్థలానికి బ్యాంకు ఒప్పుకుంటుందో తెలిసి వెతికితే సగం శ్రమ తగ్గుతుంది.

ఊరి నడిబొడ్డున ఉండే పాత ఇళ్లలో చాలా వరకు గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన భూమిలో ఉంటాయి. తాతల కాలం నుంచి ఉంటున్నారు, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఉంటాయి, రిజిస్టర్డ్ దస్తావేజు మాత్రం ఉండదు. కొన్ని బ్యాంకులు పొజిషన్ సర్టిఫికెట్‌తో ముందుకెళ్తాయి, చాలా వరకు వెళ్లవు. ఊళ్లోని ఇళ్ల స్థలాలను సర్వే చేసే స్వామిత్వ పథకం కింద ఆస్తి కార్డు వచ్చిన ఊళ్లలో కొంత వెసులుబాటు ఉంది. గోదావరి పాయల మధ్య లంక భూముల్లో ప్రభుత్వానివి, లీజువి చాలా ఉన్నాయి. పైరు ఎంత బాగున్నా వాటి మీద ఇంటి రుణం ఆశించకూడదు. దేవాదాయ భూములు ఈ జిల్లాల్లో విస్తారం. అవి, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది. బయానాకు ముందు ఆ ఐదు నిమిషాలు కేటాయించకపోవడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది.

వరిచేలో ప్లాట్లు వేసి అమ్మడం ఇప్పుడు ప్రతి మండలంలోనూ ఉంది. లేఅవుట్ అనుమతి, దానికిచ్చే ఎల్‌పీ నంబరు లేకపోతే బ్యాంకు ముట్టుకోదు. దీనికి గట్టి కారణమే ఉంది. అప్పు తీరకపోతే కోర్టుకు వెళ్లకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది, కానీ వ్యవసాయ భూమిని ఆ చట్టం మినహాయించింది. రికార్డులో పొలంగా ఉన్నంతకాలం అది బ్యాంకుకు అక్కరకొచ్చే తనఖా కాదు. ఇలాంటి ప్లాట్లకు మరో ఖర్చు కూడా ఉంది. చేను రోడ్డు కంటే పల్లంలో ఉంటుంది. మెరక చేయకుండా పునాది తీయలేరు. నల్లమట్టి నేలలో పునాదికే మామూలు కంటే ఎక్కువ ఇనుము, సిమెంటు పడతాయి. మెరక మట్టి, పునాది ఖర్చును ఇంజినీరు చేత ఎస్టిమేట్‌లో విడిగా రాయించకపోతే బ్యాంకు లెక్కలోకి రాదు, అది పూర్తిగా చేతి డబ్బే అవుతుంది. ఇల్లు కట్టుకునే రుణం ఒకేసారి చేతికి రాదు. పునాది, శ్లాబు, ప్లాస్టరింగ్ అంటూ స్టేజీల వారీగా వస్తుంది, అదీ ఆ స్టేజీ వరకు తమ వంతు డబ్బు పెట్టినట్టు కనిపించాక.

అన్నిటికంటే సున్నితమైనది కుటుంబ ఆస్తి. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ఎవరి వాటాలో వాళ్లు ఇరవై ఏళ్లుగా ఉంటారు, పార్టిషన్ దస్తావేజు ఉండదు. ఆడపిల్లకు పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చిన నాలుగు సెంట్ల స్థలం ఆమెదేనని ఊరంతా ఒప్పుకుంటుంది, కానీ స్థిరాస్తి దానం రిజిస్టర్ అయితేనే చెల్లుతుందని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. తండ్రి పోయాక కొడుకులు మాత్రమే సంతకాలు పెట్టి అమ్మే ఆస్తి దగ్గర బ్యాంకు లాయరు తప్పక ఆగుతాడు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణతోనే మొదలైంది, 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ విస్తరించింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని మరింత స్పష్టం చేసింది. అక్కచెల్లెళ్ల సంతకం లేని దస్తావేజు ఎప్పటికైనా తగువే. ఆ సంతకాన్ని లాంఛనంగా కాక, వాళ్ల వాటాను గౌరవించి తీసుకోవడం న్యాయం కూడా. దుబాయ్‌లో ఉన్న ఒక్క చెల్లెలి సంతకం కోసం ఫైలు ఆరు నెలలు ఆగడం ఈ ప్రాంతంలో వింతేమీ కాదు.

కాబట్టి స్థలం నచ్చాక, బయానాకు ముందు, అమ్మేవాళ్ల దగ్గర జిరాక్సు కాపీలు తీసుకుని లాయరుకు చూపించాలి. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ముఖ్యం. రాష్ట్రంలో 1983 నుంచి ఈసీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆ లాయరు మంజూరు రాసిచ్చిన బ్యాంకు ప్యానెల్‌లో ఉన్నవారైతే ఇంకా మంచిది. కొన్ని వేల రూపాయల ఫీజు అవుతుంది. ఇల్లు కొనే మొత్తం ఖర్చులో ఇంతకంటే విలువైన ఖర్చు మరొకటి లేదు.

చేతి డబ్బు ఎంత ఉండాలి

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు రుణాలకు ఆస్తి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం దాకా ఇవ్వవచ్చు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే, బ్యాంకు అంతకంటే తక్కువ ఇవ్వవచ్చు. రాజమహేంద్రవరంలో 40 లక్షల ఫ్లాటుకు 80 శాతం అంటే 32 లక్షలు. చేతి డబ్బు 8 లక్షలు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం కలిపి మరో 3 లక్షలు, దీనికి సాధారణంగా రుణం ఉండదు. అంటే చెక్కపని, గృహప్రవేశం లెక్కలోకి రాకముందే 11 లక్షలు సొంతంగా ఉండాలి. ఆ 11 లక్షలు చిట్టీ పాడి, ప్రోనోటు రాసి తెచ్చేదైతే ఇల్లు కొనే సమయం ఇంకా రాలేదని అర్థం. బ్యాంకు చెప్పే అర్హతలో చిట్టీ వాయిదా, చేబదులు వడ్డీ ఉండవు, అవి సిబిల్‌లో కనిపించవు. వాటిని తీసేసుకుని అసలు ఎంత కట్టగలరో లెక్కేసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.

దస్తావేజులో తక్కువ రాసి మిగతాది నగదుగా ఇచ్చే అలవాటు ఇంకా ఉంది. 40 లక్షల ఇంటిని 28 లక్షలకు రాయించుకుంటే బ్యాంకు లెక్క ఆ 28 మీదే మొదలవుతుంది. పైగా స్థిరాస్తి లావాదేవీలో రూ.20,000, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం, తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. నగదుగా ఇచ్చిన బయానాను బ్యాంకు కొనుగోలుదారు వాటాగా ఒప్పుకోదు. చెక్కు గానీ, ఖాతా బదిలీ గానీ ఒక్కటే మార్గం.

వాయిదా నెలనెలా వస్తుంది, డెల్టా ఆదాయం పంటపంటకు వస్తుంది. ఈ రెండూ కలవవు గనుక అర్హత వచ్చినంతా తీసుకోకపోవడం మంచిది. చాలా గృహరుణాలు ఇప్పుడు రెపో రేటుతో, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుతో ముడిపడి ఉంటాయి. ఆ రేటు 2020 మేలో 4 శాతం, 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతం. అదే తేడా 20 ఏళ్ల గడువున్న 25 లక్షల రుణంలో 7 నుంచి 9.5 శాతానికి వెళ్తే, గడువు మార్చకుండా ఉంచితే, ఈఎంఐ సుమారు రూ.19,380 నుంచి రూ.23,300కు పెరుగుతుంది. దాళ్వా సొమ్ము చేతికొచ్చినప్పుడు ఆరు నెలల వాయిదాలు పక్కన పెట్టుకున్న కుటుంబం దీన్ని తట్టుకుంటుంది. మంచి పంట వచ్చిన ఏడాది అసలులో కొంత ముందే కట్టేయవచ్చు, సొంతింటి కోసం వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు రుణాలకు ముందస్తు చెల్లింపు మీద జరిమానా లేదు. ఆక్వా, వ్యాపార కుటుంబాలు ఓవర్‌డ్రాఫ్ట్ తరహా గృహరుణం గురించి అడగాలి. అందులో మిగులు డబ్బు వేసి ఉంచిన రోజులకు ఆ మేరకు వడ్డీ తగ్గుతుంది, మేత కొనాల్సి వచ్చినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు.

చివరగా అగ్రిమెంటు. సూత్రప్రాయ మంజూరు చేతిలో ఉన్న కొనుగోలుదారుకు బేరంలో బలం ఉంటుంది, డబ్బు వస్తుందన్న నమ్మకం అమ్మేవాళ్లకూ కలుగుతుంది. ఆ బలంతో రెండు మాటలు రాయించుకోవాలి. హక్కు పత్రాల్లో లోపం వల్ల బ్యాంకు రుణం నిరాకరిస్తే బయానా ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలన్నది ఒకటి. అమ్మేవాళ్లు ఇవ్వాల్సిన కాగితాలు ఆలస్యమైతే ఆ మేరకు గడువు పెరగాలన్నది రెండోది. వీటికి ఒప్పుకోని అమ్మకందారు కాగితాలను లాయరు రెండోసారి చూడడం అవసరం. మంజూరు పత్రం గడువు, అగ్రిమెంటు గడువు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. బ్యాంకు పత్రం ముందే ముగిసిపోయేలా ఉంటే బయానాకు ముందే పొడిగింపు అడగాలి, ఎందుకంటే పొడిగింపుకు కొత్త జీతం స్లిప్పులు, తాజా స్టేట్‌మెంటు, మళ్లీ సిబిల్ విచారణ ఉంటాయి. ఏటా జులై నాటికి రిటర్ను వేసే అలవాటున్న వ్యాపారులు, రైతులు ఆగస్టు, సెప్టెంబరుల్లో బ్యాంకుకు వెళ్తే చేతిలో తాజా కాగితం ఉంటుంది, మంజూరు తీసుకుని సంక్రాంతి లోపు స్థలం చూసుకోవడానికి నాలుగు నెలల సమయమూ దొరుకుతుంది.